అక్క వద్దన్న గది

మా బంధువుల్లో ఎవరిని అడిగినా మా అక్క నోట్లో నాలుక లేని మనిషి అంటారు. మెచ్చుకోలుగానే అంటారు. ఆ నాలుక మీదే ఆమె ఉద్యోగం నడుస్తోందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. అక్క పుస్తకాలు చదువుతుంది. మనలా కళ్ళతో కాదు, మైకు ముందు కూర్చుని, పైకి. చూపు ఆననివాళ్ళు, బండి నడిపేవాళ్ళు, అంట్లు తోముకుంటూ కథ వినాలనుకునేవాళ్ళు ఆ పుస్తకాల్ని చెవిలో పెట్టుకుని వింటారు. ఆమె గొంతు ఎంత మెత్తనిదంటే, నవలలో దుర్మార్గుడు కూడా పాపం పెంపకం సరిగా లేక చెడిపోయాడేమో అనిపిస్తుంది.

ఈ చదవడమంతా ఇంట్లోనే, పడకగదిని ఆనుకుని ఉన్న బట్టల గదిలో జరిగేది. మనిషి లోపలికి నడిచి వెళ్ళి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత గది. కిటికీ లేదు. బరువుకి వంగిపోయిన కడ్డీలు, వాటి నిండా చలికోట్లు, బావకి పట్టని పాత సూట్లు. పై అరలో రగ్గులు, బొంతలు. కింద సూట్‌కేసులు, ఎప్పటివో దిండ్లు. గది నిండా కలరా ఉండల వాసన. మధ్యలో ఒక స్టూలు, దాని ముందు మైకు. ఫ్యాను పెడితే చప్పుడు కాబట్టి ఫ్యాను లేదు. నేను ఒకసారి లోపల కూర్చుని తలుపు మూసి చూశాను. రెండు నిమిషాలకే ఊపిరాడక బయటపడ్డాను.

"తాను దూర కంత లేదు, మెడకో డోలట. ఇందులో ఎలా కూర్చుంటున్నావే?" అన్నాను.

అక్క నవ్వింది. "ఆ కోట్లూ బొంతలే నా స్టూడియో. మాట నోట్లోంచి రాగానే అవి తాగేస్తాయి, తిరిగి రానివ్వవు. ఉత్త గోడలైతే నా మాట నాకే వచ్చి తగుల్తుంది. ఆ చప్పుడు మైకు పట్టేస్తుంది."

అక్కతో పుస్తకాలు చదివించే సంస్థలో శబ్దం సరిచూసే ఒకాయన ఉన్నాడు. మేమంతా సౌండాయన అంటాం. అక్క పంపినవన్నీ ముందు ఆయనే వింటాడు. అంతంత ఖర్చు పెట్టి కట్టిన స్టూడియోల కన్నా మీ బట్టల గది నయం అని ఆయన అన్నాడట. ఆ మాట చెప్పినప్పుడు అక్క మొహం వెలిగిపోయింది. పెళ్ళైనప్పటి నుంచి ఆమెని అలా చూసింది తక్కువ.

చెల్లెల్ని, నా సంగతి కూడా చెప్పాలి. నేను కారు నడపడం నేర్పిస్తాను. నేర్చుకునేవాళ్ళ కాలి కింద ఒక బ్రేకు, నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటాయి. ఆపమంటాను, ఆపకపోతే నేనే తొక్కుతాను. ముక్కు మీద కోపం అని అందరూ నన్ను తిడతారు గాని, నేను వద్దంటే వద్దనే అర్థం చేసుకుంటారు. అక్కకి ఆ అదృష్టం లేదు. దానికి మా అమ్మ పెంపకం కారణం. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు ఏదైనా పెడితే మూడుసార్లు వద్దని నాలుగోసారి తీసుకోవాలి, మొదటిసారికే చెయ్యి చాచితే తిండిపోతులంటారు, అని నూరిపోసింది. నేను రెండోసారికే చెయ్యి చాచి తొడపాశాలు తిన్నాను. అక్క ఆ పాఠం ఎంత బాగా నేర్చుకుందంటే, ఆమె వద్దన్న మాటకి విలువే లేకుండా పోయింది.

మా మేనత్త ఒకసారి ముళ్ళలా గుచ్చుకునే ఉన్ని స్వెట్టరు అల్లి తెచ్చింది. అక్క వద్దంది. నాలుగోసారీ వద్దంది, ఐదోసారీ వద్దంది. "ఎంత మర్యాదో ఈ పిల్లకి!" అని మేనత్త మురిసిపోయి ఇంకోటి కూడా అల్లింది. చలికాలమంతా అక్క మెడ ఎర్రగా కమిలిపోయి ఉండేది. బావ సంబంధం వచ్చినప్పుడు కూడా అక్క వద్దంది. సిగ్గు అన్నారు. అది ఎలాంటి వద్దో నేను ఇప్పటిదాకా ఆమెని అడగలేదు. అడగాలంటే నాకు భయం.

బావ చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం ఎంతో తేలిక. ఆయన చీమకి కూడా హాని తలపెట్టడు. ఒక పెద్ద గోదాముకి మేనేజరు. ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడుంటే ఆయనకి కడుపు నిండిపోతుంది. వాళ్ళింట్లో గరిటెలు కూడా పొడుగు ప్రకారం వేలాడుతుంటాయి. ఒక సెలవు రోజు ఏదో వెతుక్కుంటూ బట్టల గది తలుపు తీశాడు. అక్క చెమటతో తడిసి ముద్దై, కోట్ల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ దృశ్యం చూసి ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నా భార్యని ఇలా చీకట్లో, పాత బట్టల మధ్య కూర్చోబెట్టానా అని తనని తానే తిట్టుకున్నాడు. ఆ వారమే వడ్రంగి మేస్త్రిని పిలిపించాడు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. మేస్త్రి టేపు సాగదీసి గోడలు కొలుస్తున్నాడు. బావ చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఈ గోడంతా నిలువెత్తు అద్దాల తలుపులు, ఆ గోడకి నున్నటి సొరుగులు, కింద మెరిసే పలకలు, మనిషి రాగానే వాటంతటవే వెలిగే దీపాలు. అక్క గుమ్మంలో నిలబడి పాలిపోయింది.

"వద్దండీ. నాకిలాగే బాగుంది," అంది.

"నీకెప్పుడూ అన్నీ ఇలాగే బాగుంటాయి," అన్నాడు బావ ముద్దుగా.

"కాదండీ, నిజంగా వద్దు. పుస్తకం సగంలో ఉంది. ఈ గది మారితే గొంతు మారిపోతుంది."

"గొంతెక్కడికి పోతుందే, నీ దగ్గరే ఉంటుందిగా!"

మేస్త్రి టేపు చుడుతూ నవ్వాడు. "అమ్మగార్లందరూ ముందు ఇలాగే అంటారు సార్. మా ఇంటావిడ కూడా కొత్త పొయ్యి వద్దే వద్దంది. ఇప్పుడు దాన్ని నన్ను ముట్టుకోనివ్వదు."

అక్క ఇంకోసారి వద్దంది, ఈసారి చేతులు జోడించి. బావ ఆ చేతులు పట్టుకుని, "మొహమాటపడకు. నా సంతోషం కోసం ఒప్పుకో," అన్నాడు. అక్క తల ఊపింది. ఎదుటి మనిషి సంతోషాన్ని అడ్డంపెట్టాక మా అక్క లాంటిది ఎక్కడికి తప్పించుకుంటుంది?

దుమ్ము పడదని పని అయ్యేదాకా అక్కని మా ఇంటికి పంపాడు. అప్పుడు తెలిసింది నాకు అసలు చిక్కు. ఆమె చదువుతున్నది చాలా పెద్ద నవల, మూడు తరాల కథ. సగం పైగా చదివేసింది. మిగతాది కూడా అదే చప్పుడుతో ఉండాలి. లేకపోతే వినేవాళ్ళకి ఒక ఇంట్లో కథ మొదలుపెట్టి ఇంకో ఇంట్లో ముగించినట్టు ఉంటుంది, సంస్థవాళ్ళు ఒప్పుకోరు. నెలాఖరులోగా సరిపోయేలా పంపకపోతే మొత్తం పుస్తకాన్ని మొదటినుంచి వేరే ఆమెతో చదివిస్తారు. మా ఇంట్లో ప్రయత్నించింది. కింద వీధి, పక్కన కుక్క, పైన ఎవరో బల్ల జరుపుతారు. కుదరలేదు.

"ఆ నవల్లో ముసలావిడ లేదూ," అంది అక్క నా మంచం మీద కూర్చుని, "ఆవిడ ఇంకా చచ్చిపోలేదు. ఆవిణ్ణి వేరేవాళ్ళ నోట్లో పెట్టి ఎలా వదిలెయ్యను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు బావకి ఫోను చేశాను. "బావా, ఆ పని ఆపించు. అక్కకి ఆ అద్దాలూ దీపాలూ అక్కర్లేదు. నువ్వు ఆమె ఉద్యోగం పోగొడుతున్నావు," అన్నాను.

బావ పగలబడి నవ్వాడు. "మా మరదలికి అప్పుడే కళ్ళు కుట్టాయే! దిగులుపడకు, మీ ఆయనకి చెప్పి నీక్కూడా ఒకటి కట్టిస్తాలే!"

పెళ్ళైన రోజు నుంచీ నేను బావని ఆటపట్టిస్తూనే ఉన్నాను. ఆయన బట్టతల మీద, గరిటెల మీద, గురక మీద నేను వేయని జోకు లేదు. నేను ఏమన్నా ఆయనకి పరాచికంలాగే వినపడుతుంది. అరిచి చెప్పాను, ఇంకా నవ్వాడు. అక్క మాటకి మొహమాటం అడ్డం, నా మాటకి మరదలితనం అడ్డం. ఇక చెప్పేవాళ్ళెవరు?

పని పూర్తయిన సాయంత్రం బావ అక్క కళ్ళు రెండు చేతులతో మూసి గదిలోకి నడిపించాడు. చేతులు తీశాడు. దీపాలు వెలిగాయి. నిజం చెప్పాలంటే కళ్ళు చెదిరిపోయాయి. అన్ని వైపులా అద్దాల్లో మేమే. పాత కోట్లు లేవు, బొంతలు లేవు. అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి అటక మీదికి ఎక్కించేశాడట. కింద పలకలు అడుగు పెడితే జారేంత నునుపు. స్టూలు స్థానంలో ఒక మెత్తటి కుర్చీ, అది ఆయనే సొంత చేతులతో రుద్ది రంగు వేసింది. వేళ్ళ మీద ఇంకా రంగు మరకలున్నాయి.

"బాగుంది," అంది అక్క.

ఆ మాట వెళ్ళి అద్దానికి తగిలి, పలకలకి తగిలి, తిరిగి మా చెవుల్లో పడింది.

"చూశావా, గది కూడా బాగుందంటోంది!" అన్నాడు బావ. ఆయన ఆనందం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. అక్క మొహంలోకి చూడలేక సొరుగులు లాగి చూస్తున్నట్టు నటించాను. ఎంత మెత్తగా జరిగాయో ఆ సొరుగులు.

మర్నాడే అక్క ఒక పేజీ చదివి పంపింది. బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది అన్నాడు సౌండాయన. పైగా కదలకుండా కూర్చుంటే ఆ దీపాలు మనిషి లేదనుకుని ఆరిపోతాయి. నవల్లో ముసలావిడ కొడుకుతో గుండె విప్పి మాట్లాడుతున్న చోట చీకటి పడిపోతుంది. అక్క చెయ్యి పైకెత్తి ఊపాలి, టక్‌మని వెలుగుతుంది, ఆ టక్కు మైకులో పడుతుంది. అద్దాల మీద మంచం మీది రగ్గులు కప్పి చూసింది. కొంచెం నయమైంది. సాయంత్రం బావ వచ్చి చూసి, "పిచ్చిదానా, కొత్త వస్తువు మీద దుమ్ము పడుతుందని దాస్తున్నావా? వాడుకోవడానికే కదా చేయించింది!" అని ఆ రగ్గులు తీసి, మడతలు పెట్టి, పరిమాణం ప్రకారం అరలో పేర్చాడు. ఆమె మళ్ళీ కప్పడం, ఆయన మళ్ళీ మడతపెట్టడం, రోజూ ఇదే. ఆయన ప్రేమగా మడతపెట్టే కొద్దీ ఆమె మొహం బిగుసుకుపోతూ వచ్చింది. ఎవరు వచ్చినా ముందు ఆ గది చూపించడమే. చూసినవాళ్ళందరూ అక్క వైపు తిరిగి, అదృష్టవంతురాలివమ్మా అనేవాళ్ళు. ఆవిడ తల ఊపేది.

ఒకరోజు ఫోనులో, "ఆ గదిలో ఎటు తిరిగి కూర్చున్నా ఎవరో చూస్తున్నట్టుందే. చూస్తే నేనే," అంది. ఆ గొంతు విని నేను పాఠాలు మానుకుని బయలుదేరాను.

నెలాఖరు దగ్గరపడింది. బావ గోదాముకి వెళ్ళగానే ఇద్దరం అటకెక్కాం. ప్లాస్టిక్ సంచులన్నీ కిందికి లాగాం. కొత్త కడ్డీలకి పాత కోట్లు తగిలించాం, అద్దాల మీద బొంతలు వేలాడదీశాం, పలకల మీద రగ్గులు పరిచాం. దిండ్లన్నీ గోడ వారగా కుక్కాం. మనిషిని కనిపెట్టే దీపాల కన్ను మీద బట్ట కట్టి, లోపల చిన్న టేబుల్ లైటు పెట్టాం. దగ్గీ తుమ్మీ ఒళ్ళంతా దుమ్ము పట్టించుకున్నాం. మధ్యాహ్నానికి గది మళ్ళీ గుహ అయింది. అక్క లోపల నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పుడు తిరిగి రాలేదు. నన్ను పట్టుకుని చిన్నపిల్లలా గెంతింది.

సౌండాయనకి పంపడానికి ఒక పేజీ చదవడం మొదలుపెట్టింది. నేను బయట మంచం మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. లోపల్నుంచి ఒక్క అక్షరం బయటికి రావడంలేదు. అంత బాగా కుదిరింది.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. బావ. వెనకే గోదాములో పనిచేసేవాళ్ళు ఇద్దరు. భోజనాల వేళలో గది చూపిస్తానని వెంటబెట్టుకొచ్చాడు. నేను లేచి అడ్డం నిలబడ్డాను. "బావా, ఇప్పుడు కాదు, అక్క చదువుతోంది," అన్నాను. "టోల్ గేటు పెట్టావేంటి మరదలా!" అని నవ్వుతూ పక్కనుంచి వెళ్ళి తలుపు తీశాడు.

అక్క వాక్యం మధ్యలో ఆగిపోయింది. బావ ఆ కోట్లూ బొంతలూ చూసి ఒక క్షణం బిత్తరపోయాడు. వెంటనే తేరుకుని స్నేహితుల వైపు తిరిగాడు. "చూశారా మా ఆవిడ? గీత పడుతుందేమోనని అన్నీ ఎలా దాచుకుందో! ఉండండి, అద్దం చూపిస్తా." చెయ్యి చాచి బొంత కొస పట్టుకున్నాడు.

"ముట్టుకోకండి."

నేను అదిరిపడ్డాను. అది మా అక్క గొంతేనా? అరవలేదు. గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ మాటకి వంక పెట్టడానికి ఎక్కడా సందు లేదు. బావ చెయ్యి బొంత మీదే ఆగిపోయింది. సరదాగా మారుద్దామని పెదవులు కదిపాడు. అక్క అలాగే చూస్తోంది.

"చేతులు తియ్యండి. తలుపు వెయ్యండి. నేను పని చేసుకుంటున్నాను."

స్నేహితుల్లో ఒకాయన, ఇంకోసారి వస్తాంలెండి అని గొణిగాడు. ఇద్దరూ చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్ళిపోయారు. బావ తలుపు మెల్లగా వేశాడు. హాల్లోకి వెళ్ళి సోఫా అంచున కూర్చున్నాడు, వేరేవాళ్ళ ఇంటికి వచ్చినవాడిలా. నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అక్క ఆ పేజీ అక్కడినుంచే అందుకుని పూర్తిచేసింది. చెమటతో తడిసి బయటికి వచ్చి, పంపించింది. సౌండాయన కాసేపటికి ఫోను చేశాడు. నాకు కూడా వినపడేలా పెట్టింది.

"గది సరిగ్గా సరిపోయిందమ్మా, వేలు పెట్టడానికి లేదు. కానీ పేజీ సగం దాకా మీరు చదివారు. సగంలోంచి ఇంకెవరో చదివినట్టుంది. ఒంట్లో బాగుందా?"

అక్క ఫోను పెట్టేసింది. ఆ పేజీ వేసి విన్నాం. ఆయన అన్నది నిజం. మొదటి సగంలో మనకి అలవాటైన దూదిలాంటి గొంతు. రెండో సగంలో ముసలావిడ కొడుకుతో మాట్లాడుతోంది, అంతే, కానీ ఈసారి ఆ కొడుకు వినక తప్పదు. అక్క మళ్ళీ ఒకసారి ప్రయత్నించింది. మళ్ళీ ఇంకోసారి. పాత గొంతు కోసం గొంతు సవరించుకుంది, వేణ్ణీళ్ళు తాగింది, నవ్వుతూ చదివింది. రాలేదు. పోగుచేసిన బట్టలు పోగుచేసినట్టే ఉన్నాయి, ఆ గొంతు మాత్రం పోయింది. నేను తల పట్టుకున్నాను. ఇంత చేసి, చివరికి ఇంట్లోవాళ్ళతో గొడవపడి కూడా, పుస్తకం చేజారినట్టే.

"రెంటిలో ఏది బాగుంది?" అని అడిగింది అక్క.

"రెండోది," అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"నాకూ."

ఫోను తీసుకుంది. "మొదట్నుంచీ వేరే ఆమెతో చదివిస్తామన్నారు కదా. ఎలాగూ మొదట్నుంచే అయితే నేనే చదువుతాను. మొత్తం. ఈ రెండో గొంతుతో." అవతల సౌండాయన ఏదో నసిగాడు. అంత పెద్ద పుస్తకం మళ్ళీనా, అలిసిపోతారేమో అన్నాడు. "నాకు ఎంత కష్టమో నేను చూసుకుంటాను. మీరు అడిగి చెప్పండి," అంది. మర్నాడు వాళ్ళు సరేనన్నారు.

ఆ సంగతి విని నేను మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళేసరికి అక్క మొదటి పేజీ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది, తలుపు మూసి ఉంది. ఆ ఉక్కలో, ఆ కలరా ఉండల వాసనలో, అయిపోయిందనుకున్న పుస్తకమంతా మళ్ళీ చదవాలి. ఎన్నాళ్ళో. బావ ఆ రోజు గోదాముకి వెళ్ళలేదు. మంచం అంచున కూర్చుని ఆ తలుపుకేసి చూస్తున్నాడు. నన్ను చూడగానే పక్కకి జరిగి చోటిచ్చాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"పరాచికాలు వద్దు. నిజం చెప్పు. మీ అక్కకి ఆ గది నచ్చలేదా?"

"నచ్చలేదు బావా."

ఆయన గోళ్ళ సందుల్లో ఇంకా పోని రంగు గీక్కున్నాడు. తర్వాత తలెత్తాడు.

"మరి ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

ఆయన మొహంలో వెక్కిరింపు వెతికాను, కోపం వెతికాను. ఏదీ లేదు. నిజంగానే అడుగుతున్నాడు.